ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్, తెరమీది ఉష్ణోగ్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలులో కంప్యూటర్లు బిగించే పనిలో ఉన్నందువల్ల ప్రతి ఏటా శివరాత్రి దాటి ఎండలు ముదరగానే నాకు ఇంచుమించు ఒకే రకమైన ప్రశ్నలు ఎదురవుతుంటాయి. సంక్రాంతికి హాయిగా నడిచిన సిస్టమ్ ఉగాదికల్లా ఎందుకు మొరాయిస్తోందని కొందరు, తెరమీద కనిపించే 95 డిగ్రీలు నిజమా అబద్ధమా అని మరికొందరు అడుగుతారు. దుకాణంలో నిలబడి ముక్కలుముక్కలుగా చెప్పిన జవాబులనే ఇక్కడ ఒకచోట చేర్చి, కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఓవర్‌క్లాకింగ్ అంటే లోపల ఏం జరుగుతుంది?

ప్రాసెసర్ వేగం రెండు అంకెల గుణకారం. మదర్‌బోర్డు ఇచ్చే మూల గడియారం ఈనాటి సిస్టమ్‌లలో సాధారణంగా 100 మెగాహెర్ట్‌జ్ ఉంటుంది. దానిని ప్రాసెసర్ ఒక మల్టిప్లయర్‌తో గుణించుకుంటుంది. మల్టిప్లయర్ 45 అయితే వేగం 4.5 గిగాహెర్ట్‌జ్. కంపెనీ నిర్ణయించిన హద్దును దాటి ఈ రెండింటిలో దేనిని పెంచినా అది ఓవర్‌క్లాకింగే. అవసరమైతే దానికి తోడుగా వోల్టేజిని కూడా పెంచుతారు.

ఇది కొత్త సరదా ఏమీ కాదు. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఎ అనే చవక ప్రాసెసర్‌లో మల్టిప్లయర్ 4.5 దగ్గర బిగించి ఉండేది. కానీ మూల గడియారాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్‌జ్‌కు మార్చగానే అది 450 మెగాహెర్ట్‌జ్ వేగంతో నడిచేది. సగం వేగం ఉచితంగా వచ్చిన ఆ రోజులు మళ్లీ రావు. ఇప్పటి ప్రాసెసర్లు పెట్టెలోంచి తీసేసరికే తమ శక్తిలో చాలావరకు వాడేసుకుంటున్నాయి. కాబట్టి మనం పిండుకోగలిగేది నూటికి ఐదో పదో, అంతే.

నా ప్రాసెసర్‌కు ఇది కుదురుతుందా?

ఇంటెల్‌లో పేరు చివర కె అక్షరం ఉన్న ప్రాసెసర్, దానితోపాటు జెడ్ శ్రేణి చిప్‌సెట్ (బోర్డు మీది ప్రధాన చిప్పు) ఉన్న మదర్‌బోర్డు రెండూ కావాలి. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఎఎమ్‌డీ తయారుచేసే రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి మల్టిప్లయర్ తెరిచే ఉంటుంది, బి లేదా ఎక్స్ శ్రేణి బోర్డు ఉంటే సరిపోతుంది. ఎ320, ఎ520 బోర్డుల మీద కుదరదు. ఒకే పేరుతో వచ్చిన రెండు ప్రాసెసర్లు కూడా ఒకే వేగం అందుకోలేవు. ఒకే చెట్టు కాయలయినా అన్నీ ఒకే తీపి ఉండవు కదా. పక్కింటి అబ్బాయి సిస్టమ్‌లో నిలబడిన వోల్టేజిని చూసి అదే మీరూ పెట్టుకోవడం సరికాదు.

వేగాన్ని పదిశాతం పెంచితే వేడి కూడా పదిశాతమే పెరుగుతుందా?

ఎక్కువమంది తప్పుగా ఊహించేది ఇక్కడే. ప్రాసెసర్ తాగే విద్యుత్తు వేగానికి సమానంగా పెరుగుతుంది కానీ, వోల్టేజికి మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. వేగం పదిశాతం పెంచడానికి వోల్టేజి కూడా పదిశాతం పెంచవలసి వచ్చిందనుకుందాం. అప్పుడు 1.1ను మూడుసార్లు గుణించాలి, వచ్చేది 1.331. అంటే పదిశాతం వేగానికి ముప్పైమూడు శాతం అదనపు వేడి. 142 వాట్లు తాగే ప్రాసెసర్ 189 వాట్లకు చేరుతుంది. పైగా సిలికాన్ వేడెక్కేకొద్దీ లోపల ఊరికే కారిపోయే కరెంటు ఎక్కువవుతుంది, ఆ కరెంటు మళ్లీ వేడిగానే మారుతుంది.

అందుకే నేను ముందు వోల్టేజి ముట్టుకోకుండా ఎంత వేగం వస్తుందో చూసి, అక్కడ ఆగిపొమ్మని చెబుతాను. ఆ తర్వాత వచ్చే ప్రతి 100 మెగాహెర్ట్‌జ్ ఖరీదైనదే.

తెరమీద కనిపించే ఉష్ణోగ్రత అసలు ఎక్కడినుంచి వస్తుంది?

ప్రాసెసర్ లోపల పాదరసం లేదు, గాజుగొట్టం లేదు. సిలికాన్‌తో చేసిన డయోడ్ మీద పడే వోల్టేజి, ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. ఈ గుణాన్ని ఆధారం చేసుకునే చిప్పులో వేడిని కొలుస్తారు. కోర్ల (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాల) పక్కనే ఇటువంటి సెన్సర్లు అనేకం ఉంటాయి. ఆ చిన్న మార్పును అంకెగా మార్చి, కర్మాగారంలో నమోదు చేసిన సవరణలను కలిపి, ఒక రిజిస్టర్‌లో, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న గడిలో, రాసిపెడతారు. మనం వాడే సాఫ్ట్‌వేర్ ఆ రిజిస్టర్‌ను చదివి చూపిస్తుంది.

ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో ఒక విశేషం ఉంది. ఆ రిజిస్టర్‌లో ఉండేది నేరుగా ఉష్ణోగ్రత కాదు, గరిష్ఠ పరిమితికి ఇంకా ఎన్ని డిగ్రీల దూరం మిగిలి ఉందన్న అంకె. పరిమితి 100 అయి, రిజిస్టర్‌లో 38 ఉంటే, సాఫ్ట్‌వేర్ 100లోంచి 38 తీసివేసి 62 అని చూపిస్తుంది. ఆ పరిమితి ఎంతో సాఫ్ట్‌వేర్‌కు తప్పుగా తెలిస్తే మొత్తం లెక్క అంతమేరకు తప్పుతుంది. కోర్ 2 ప్రాసెసర్ల కాలంలో డెస్క్‌టాప్ రకాల పరిమితిని ఇంటెల్ మొదట్లో బయటపెట్టలేదు, 2008లో గానీ చెప్పలేదు. అంతవరకు సాఫ్ట్‌వేర్లు రాసేవారు తలా ఒక అంకె ఊహించుకునేవారు. ఒకే ప్రాసెసర్‌కు ఒకటి 85 చూపితే ఇంకొకటి 95 చూపేది.

దీనివల్ల తేలేదేమిటంటే, ఈ సెన్సర్ పెట్టింది మనకు వాతావరణ సమాచారం చెప్పడానికి కాదు. ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి పెట్టుకున్న కాపలా అది. హద్దుకు దగ్గరలో అది సరిగ్గా చెప్పాలి, అక్కడే దానిని సరిచేస్తారు. హద్దుకు దూరంగా, అంటే 30, 40 డిగ్రీల దగ్గర, అది కొన్ని డిగ్రీలు అటూఇటూ చెప్పినా ప్రాసెసర్‌కు వచ్చిన నష్టం లేదు. ఇంటెల్ 45 నానోమీటర్ల కోర్ 2 రకాలలోనయితే చల్లగా ఉన్నప్పుడు సెన్సర్ ఒకే అంకె దగ్గర నిలిచిపోయి, ఎంతసేపు చూసినా కదిలేది కాదు.

గదిలో 36 డిగ్రీలు ఉంటే ప్రాసెసర్ 29 చూపిస్తోంది. నా కూలర్ అంత గొప్పదా?

కాదు. ఈ ప్రశ్న నా ముందుకు ఒక మే నెల మధ్యాహ్నం వచ్చింది. అబ్బాయి కొత్త కూలర్ బిగించుకుని, సిస్టమ్ ఊరికే ఉన్నప్పుడు 29 చూపుతోందని ఫోటో తీసి తెచ్చాడు. వాళ్ల ఇంటికి వెళ్లి, పిల్లల జ్వరానికి కాకుండా గది వేడికి వాడే గోడ థర్మామీటర్‌ను క్యాబినెట్ ముందు, గాలి లోపలికి పోయే జాలీ దగ్గర, పావుగంట ఆనించి ఉంచాం. అది 36 దగ్గర నిలబడింది. 36 డిగ్రీల గాలితో చల్లబడే లోహం 29 డిగ్రీలకు దిగడం ప్రకృతిలో జరగదు. ఫ్యాను ఎంత గట్టిగా తిరిగినా, నీటి కూలర్ పెట్టినా, చల్లబరచే గాలికంటే కిందకు పోలేదు. కరెంటు తాగుతున్న ప్రాసెసర్ కనీసం నాలుగైదు డిగ్రీలయినా గాలికంటే పైన ఉండి తీరాలి.

కాబట్టి అక్కడ సెన్సర్ తప్పు చెబుతోంది. అయినా ఆ ప్రాసెసర్ చెడిపోయిందని అర్థం కాదు. పైన చెప్పినట్టు, కింది అంకెల దగ్గర వచ్చే తేడా అది. అదే సిస్టమ్ మీద బరువైన పరీక్ష నడిపితే 84 చూపింది, ఆ అంకెను నమ్మడానికి నాకు అభ్యంతరం కనిపించలేదు. ఊరికే ఉన్నప్పటి ఉష్ణోగ్రతను చూపి గొప్పలు చెప్పుకోవడం, కూర్చున్నప్పటి ఆయాసాన్ని బట్టి పరుగుపందెం విజేతను నిర్ణయించడం లాంటిది.

ఈ గోడ థర్మామీటర్ పరీక్ష అందరూ చేయదగినదే. రాత్రంతా ఆపి ఉంచిన సిస్టమ్‌ను ఉదయం వేసి, వెంటనే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెరలోకి) వెళ్లి చూడండి. అంకె గది ఉష్ణోగ్రతకు కాస్త పైన ఉంటే సెన్సర్ మీద నమ్మకం పెట్టుకోవచ్చు. కింద ఉంటే, ఎంత కింద ఉందో రాసిపెట్టుకోండి.

నా రైజెన్ ఎప్పుడూ ఇరవై డిగ్రీలు ఎక్కువ చూపుతోందని అంటున్నారు. నిజమా?

కొన్ని రకాల విషయంలో అక్షరాలా నిజం. 2017లో వచ్చిన రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు తమ అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి బయటకు చెప్పేవి. రైజెన్ 7 2700ఎక్స్ 10 డిగ్రీలు, ఎఎమ్‌డీ పెద్ద ప్రాసెసర్లయిన థ్రెడ్‌రిప్పర్లలో మొదటి తరం 27 డిగ్రీలు కలిపేది. ఎక్స్ లేని మామూలు 1700 మాత్రం ఏమీ కలిపేది కాదు. వేర్వేరు రకాల ప్రాసెసర్లు ఒకే బోర్డు మీద ఉన్నా ఫ్యానులు ఒకే పద్ధతిలో తిరగాలన్నది దీనికి ఎఎమ్‌డీ చెప్పిన కారణం. ఈ కల్పిత ఉష్ణోగ్రతకు టీ కంట్రోల్ అని, అసలు ఉష్ణోగ్రతకు టీ డై అని పేర్లు. సాఫ్ట్‌వేర్‌లో రెండూ కనబడితే టీ డై చూడండి. తర్వాతి తరాలలో ఈ రెండూ సమానమే.

సెకండ్‌హ్యాండ్‌లో 1700ఎక్స్ కొన్నవారు ఇప్పటికీ పాత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, 90 చూసి కంగారుపడి, అనవసరంగా కూలర్ మార్చేస్తున్నారు. ముందు సాఫ్ట్‌వేర్‌ను మార్చి చూడండి, డబ్బు మిగులుతుంది.

రెండు సాఫ్ట్‌వేర్లు రెండు అంకెలు చూపుతున్నాయి, ఒకదానిలో 127 డిగ్రీలని కూడా ఉంది. దేనిని నమ్మాలి?

ముందు అవి ఒకే వస్తువును కొలుస్తున్నాయో లేదో చూడాలి. ప్రాసెసర్ లోపలి సెన్సర్లు వేరు, మదర్‌బోర్డు మీద నువోటన్ లేదా ఐటీఈ కంపెనీ చిప్పు ద్వారా కొలిచే సెన్సర్లు వేరు. బోర్డు తయారీదారు ఆ చిప్పుకు ఉన్న కాళ్లన్నింటికీ సెన్సర్లు తగిలించడు. ఏదీ తగిలించని కాలు నుంచి 127 వస్తుంది, ఒక్కోసారి సున్నాకు దిగువన అంకె కూడా వస్తుంది. ఒంగోలు ఎండలో సున్నాకు దిగువన ఉష్ణోగ్రత చూపించే భాగమేదైనా ఉంటే, అది ఎక్కడుందో నాకూ చూపించమని అడుగుతుంటాను.

ప్రాసెసర్ కోసం హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో సీపీయూ ప్యాకేజీ, కోర్ ఉష్ణోగ్రతలు, రైజెన్ అయితే టీ డై చూస్తే సరిపోతుంది. లినక్స్ వాడేవారికి కోర్‌టెంప్, కె10టెంప్ డ్రైవర్లు ఉన్నాయి. ఎఎమ్‌డీ పాత కె10 ప్రాసెసర్లలో కొన్నింటి సెన్సర్ ఎంత అవిశ్వసనీయమంటే, కె10టెంప్ డ్రైవర్ వాటిమీద తనంతట తాను పనిచేయడానికే నిరాకరిస్తుంది. ఇంకొక జాగ్రత్త, ఇటువంటి సాఫ్ట్‌వేర్లు రెండుమూడు ఒకేసారి తెరిచి ఉంచవద్దు. అవి ఒకే చిప్పును ఒకేసారి అడగడంతో అంకెలు తారుమారవుతాయి.

కరోనా రోజుల్లో కొన్న జ్వరం గన్‌తో కూలర్ వేడి కొలవవచ్చా?

కొలవకండి. అది మనిషి శరీరపు వేడి ఉండే కొద్దిపాటి పరిధికే తయారైంది. పరిశ్రమలలో వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్ తెచ్చినా, మెరిసే లోహం తన వేడిని సరిగా వెలువరించదు, చుట్టూ ఉన్నవాటి వేడిని అద్దంలా తిప్పికొడుతుంది. అందువల్ల అంకె తక్కువగా వస్తుంది. లోహం మీద నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దానిని కొలిస్తే మెరుగు. అప్పుడైనా మీరు కొలిచేది కూలర్ పైభాగాన్నే. రైజెన్ 7000 శ్రేణిలో కోర్లుండే సిలికాన్ ముక్క సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు, బొటనవేలి గోరుకంటే చిన్నది. అంత చోటులోంచి వంద వాట్లకు పైగా బయటపడుతున్నప్పుడు లోపల 85, కూలర్ అడుగున 50 ఉండడం మామూలే. కూలర్ చేతికి గోరువెచ్చగా తగిలిందని సెన్సర్ అబద్ధం చెబుతోందనుకోవద్దు.

ఎన్ని డిగ్రీల వరకు భయం లేదు?

ప్రాసెసర్‌ను బట్టి మారుతుంది. ఇంటెల్ 12, 13, 14వ తరం డెస్క్‌టాప్ రకాలకు హద్దు 100 డిగ్రీలు. రైజెన్ 5800ఎక్స్, 5900ఎక్స్, 5950ఎక్స్‌లకు 90, 5600ఎక్స్‌కు 95, రైజెన్ 7000 శ్రేణిలో చాలావాటికి 95, 7800ఎక్స్3డీకి 89. హద్దు తగిలినప్పుడు ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, దీనినే థ్రాట్లింగ్ అంటారు. అంతకుమించి పెరిగితే సిస్టమ్ మొత్తాన్ని ఆపేస్తుంది. ఈ రక్షణ ఎప్పుడూ ఉన్నది కాదు. 2001 ప్రాంతపు ఎఎమ్‌డీ అథ్లాన్ ప్రాసెసర్ మీదినుంచి నడుస్తుండగా కూలర్ తీసేస్తే క్షణాల్లో మాడిపోయేది, అదే కాలపు ఇంటెల్ పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని బతికేది. పాత తరం మెకానిక్‌లకు వేడంటే ఉన్న భయం అప్పటిదే.

రైజెన్ 7950ఎక్స్ లాంటివి బరువైన పని పడినప్పుడు 95కు చేరి అక్కడే నడవడానికే తయారయ్యాయి. పెద్ద కూలర్ పెట్టినా ఆ అంకె తగ్గకపోవచ్చు, దానికి బదులు వేగం కొంచెం పెరుగుతుంది. ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్‌కు మాత్రం నా సొంత నియమం వేరు. మే నెలలో, ఏసీ లేని గదిలో, మీరు రోజూ చేసే పనిలో, హద్దుకు కనీసం పది డిగ్రీల దూరం మిగలాలి.

జనవరిలో బాగున్న ఓవర్‌క్లాక్ మే నెలలో ఎందుకు నిలబడదు?

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట మన పెద్దలు ఊరికే అనలేదు. ప్రాసెసర్ చూపే అంకెలో గది ఉష్ణోగ్రత కూడా కలిసే ఉంటుంది. గది 26 ఉన్నప్పుడు ప్రాసెసర్ 76కు చేరితే, కూలర్ నిజంగా చేసిన పని గాలికి పైన 50 డిగ్రీలు. గది 38 అయితే అదే కూలర్, అదే వోల్టేజి, అదే పని, కానీ తెరమీద 88, కారిపోయే కరెంటు వల్ల ఇంకొక్క డిగ్రీ ఎక్కువే తప్ప తక్కువ కాదు. కూలర్ చెడిపోలేదు, ప్రాసెసర్‌కు, కూలర్‌కు మధ్య పూసే పేస్టు ఎండిపోలేదు, గాలి మారింది.

కాబట్టి అంకెలు రాసుకునేటప్పుడు పక్కన గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి, రెండింటి తేడాతోనే పోల్చుకోండి. చలిదేశాల వారు 20 డిగ్రీల గదిలో తేల్చిన 70ని చూసి మన 86ను తిట్టుకోవడం అన్యాయం. 70లోంచి 20, 86లోంచి 36 తీసివేసి చూడండి, ఇద్దరికీ వచ్చేది ఒకటే. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా సాయంత్రం సముద్రం వైపునుంచి గాలి తిరిగాక చేసిన పరీక్షకు, మధ్యాహ్నం రెండు గంటలకు చేసిన పరీక్షకు తేడా ఉంటుంది. నేను కావాలనే మధ్యాహ్నం చేస్తాను.

గడ్డి కూలర్ ముందు సిస్టమ్ పెడితే మంచిదేనా అనికూడా అడుగుతారు. గాలి చల్లబడినంత మేరకు ప్రాసెసర్ చల్లబడుతుంది. ప్రాసెసర్ ఎప్పుడూ ఆ గాలికంటే వెచ్చగానే ఉంటుంది కాబట్టి దానిమీద నీటిబొట్లు పట్టవు. కానీ ఆ తడిగాలి నేరుగా తగులుతుంటే లోహపు కాళ్లకు తుప్పు పట్టే ప్రమాదం ఉంది, కూలర్ చిమ్మే తుంపర్లయితే మరీ చేటు. గది చల్లబడితే చాలు, గాలిని క్యాబినెట్ వైపు తిప్పవద్దు.

అంకె ఒక్కసారిగా పైకి దూకుతోంది. సెన్సర్ చెడిపోయిందా?

అంకె ఎంత అన్నదానికంటే ఎలా పెరిగిందన్నది ఎక్కువ చెబుతుంది. బరువైన పని మొదలుపెట్టిన ఒకటి రెండు సెకన్లలో పది, ఇరవై డిగ్రీలు దూకడం చిన్న సిలికాన్ ముక్కకు సహజమే. ఆ రెండు సెకన్లలోనే నేరుగా హద్దును తాకితే మాత్రం ప్రాసెసర్‌కు, కూలర్‌కు మధ్య పొందిక లేదని అర్థం. పేస్టు లేకపోవడమో, స్క్రూ వదులుగా ఉండడమో కారణం కావచ్చు. అలా కాకుండా మొదట 70 దగ్గర నిలబడి, పావుగంటలో మెల్లగా 90కి ఎక్కితే, కూలర్ బాగానే ఉంది, క్యాబినెట్‌లోని వేడిగాలి బయటకు పోవడం లేదు. పక్క పలక తీసి చూడండి. అంకె గబగబా దిగితే రోగం తెలిసినట్టే.

ఒకసారి ఎక్కడో బిగించి తెచ్చిన కొత్త సిస్టమ్ నా బల్లమీదికి వచ్చింది. వేసిన మూడు నిమిషాలకే ఆగిపోతోంది. సెన్సర్ తప్పని, బోర్డు మార్చాలని వారికి అప్పటికే ఎవరో చెప్పారు. కూలర్ విప్పి తిరగేస్తే దాని అడుగున, అంటించే ముందు ఒలిచి పారేయవలసిన పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే ఉంది, దానిమీద హెచ్చరిక అక్షరాలు కూడా పేస్టులోంచి చక్కగా చదవవచ్చు. పొర ఒలిచి, పాత పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టి బిగిస్తే అదే సెన్సర్ 63 చూపింది. మొదటినుంచీ నిజం చెప్పింది అదొక్కటే.

చీమకుర్తి దుమ్ము, సముద్రపు గాలి ఏమైనా చేస్తాయా?

చేస్తాయి. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ కోసే యూనిట్ల దగ్గరి ఆఫీసుల సిస్టమ్‌లు తెరిస్తే కూలర్ రెక్కల మధ్య బూడిదరంగు పొడి సిమెంటు పూసినట్టు పేరుకుని ఉంటుంది. ఆ పొడి ఏడాదిలో పదేసి డిగ్రీలు పెంచడం నేను చూశాను. రెండు నెలలకోసారి బ్లోయర్‌తో కొట్టాలి, కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. కొత్తపట్నం, మైపాడు వైపు తీరం దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలి బాధ వేరు, అది వేడిని పెంచదు, బోర్డునే తినేస్తుంది. అటువంటి చోట ఓవర్‌క్లాక్ చేసుకోమని నేను ఎవరికీ చెప్పను.

లిక్విడ్ మెటల్ పేస్టు గురించి కూడా ఒక మాట. దానిలో ఉండే గాలియం అల్యూమినియంను తినేస్తుంది. అడుగుభాగం అల్యూమినియం అయిన కూలర్‌కు అది పనికిరాదు.

ఓవర్‌క్లాక్ నిలబడిందని ఎలా తేల్చుకోవాలి?

వేగాన్ని కొలిచే సినీబెంచ్ అనే పరీక్ష ఒకసారి పూర్తయితే నిలబడినట్టు కాదు. ప్రైమ్95 అనే సాఫ్ట్‌వేర్‌లోని చిన్న ఎఫ్ఎఫ్‌టీ పరీక్ష అన్నింటికంటే ఎక్కువ వేడి పుట్టిస్తుంది. ఓసీసీటీ అనే మరో సాఫ్ట్‌వేర్ లెక్కల్లో వచ్చిన తప్పులను పట్టి చూపుతుంది. అరగంట వేడి పరీక్ష, ఆ తర్వాత కొన్ని గంటలు తప్పుల పరీక్ష, ఆపైన రెండుమూడు రోజులు మామూలు వాడకం, ఇదీ నా వరుస. విచిత్రమేమిటంటే పరీక్షలన్నీ గెలిచి, సిస్టమ్ ఊరికే ఉన్నప్పుడు హ్యాంగ్ అయ్యేవి కూడా ఉంటాయి. ముఖ్యంగా రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అనే బయోస్ సదుపాయంతో వోల్టేజి మరీ తగ్గించినప్పుడు, తక్కువ పనిలో ఒక్క కోరు గరిష్ఠ వేగం అందుకునే క్షణంలో ఇది జరుగుతుంది.

ఉష్ణోగ్రత అదుపులో ఉంటే ప్రాసెసర్‌కు ప్రమాదం లేనట్టేనా?

లేదు, ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతావి మరచిపోయినా ఫరవాలేదు. ఉష్ణోగ్రత సెన్సర్ వేడినే చూస్తుంది, వోల్టేజి చేసే నష్టాన్ని చూడలేదు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని ఓవర్‌క్లాక్ చేయకపోయినా కాలక్రమేణా అస్థిరంగా మారాయి. అవసరానికి మించిన వోల్టేజి అందడం దానిలో ముఖ్యకారణమని తేలి, ఆగస్టు 2024 నుంచి ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు విడుదల చేసింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ ప్రాసెసర్ ఉన్నవారు బయోస్ అప్‌డేట్ చేయకుండా ఓవర్‌క్లాక్ ఊసే ఎత్తకూడదు. అంతకుముందు 2023లో రైజెన్ 7000ఎక్స్3డీ రకాలు కొన్ని సాకెట్‌లోనే మాడిపోగా, ఎస్ఓసీ వోల్టేజి (ప్రాసెసర్‌లో కోర్లు కాక మిగతా భాగాలకు అందేది) 1.3 వోల్టులు దాటకుండా ఎఎమ్‌డీ బయోస్ ద్వారా హద్దు పెట్టించింది.

కనుక బోర్డు ఆటో అని వదిలేసిన వోల్టేజిని నమ్మకండి, సాఫ్ట్‌వేర్‌లో అది ఎంత ఇస్తోందో కళ్లారా చూడండి. వాట్ల అంకె కూడా పూర్తిగా నమ్మదగినది కాదు. కొన్ని మదర్‌బోర్డులు రైజెన్‌కు అసలు కరెంటుకంటే తక్కువ చెప్పి, దానిచేత ఎక్కువ తాగించడం 2020లో బయటపడింది. దానిని పట్టడానికే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో పవర్ రిపోర్టింగ్ డీవియేషన్ అనే అంకె చేర్చారు. ప్రాసెసర్ మీద పూర్తి బరువు ఉన్నప్పుడు అది 100 శాతానికి బాగా కింద ఉంటే, మీ బోర్డు దొంగతూకం వేస్తోందని అర్థం.

వేగం అంకెనైనా నమ్మవచ్చా?

తెరమీద 4.8 కనిపిస్తూ, పని మాత్రం మందగించడం సాధ్యమే. రైజెన్‌లో వోల్టేజి చాలనప్పుడు ప్రాసెసర్ హ్యాంగ్ అవకుండా గడియారాన్ని సాగదీసుకుంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఎఫెక్టివ్ క్లాక్ అన్న వరుస చూడండి. పూర్తి బరువులో అది మామూలు వేగానికి చాలా తక్కువగా ఉంటే, మీరు పొందినది అంకె మాత్రమే. సినీబెంచ్ మార్కులు పెరిగాయా లేదా అన్నదే అసలు సాక్ష్యం.

లాప్‌టాప్‌ను ఓవర్‌క్లాక్ చేయవచ్చా?

చేయకండి. దానిలో వేడి పోయే దారే తక్కువ. వోల్టేజి తగ్గించుకోవడం ఇంతకంటే తెలివైన పని. అయితే డిసెంబరు 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడిన తర్వాత చాలా ఇంటెల్ లాప్‌టాప్‌లలో ఆ సదుపాయాన్ని మూసివేశారు. వెనుకవైపు రెండంగుళాలు ఎత్తి పెట్టడం, పరుపుమీద పెట్టకపోవడం, ఏడాదికోసారి శుభ్రం చేయించడం ఎవరికైనా అందుబాటులో ఉన్న మార్గాలు.

వారంటీ పోతుందా?

ఓవర్‌క్లాకింగ్ వల్ల కలిగిన నష్టానికి కంపెనీల వారంటీ వర్తించదు. ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్ఎమ్‌పీ, ఎక్స్‌పో సెట్టింగులు వేయడాన్ని కూడా కంపెనీలు ఓవర్‌క్లాకింగ్ కిందే లెక్కగడతాయని చాలామందికి తెలియదు.

ఓవర్‌క్లాక్ చేశాక సిస్టమ్ అసలు ఆన్ కావడం లేదు, తెర నల్లగా ఉంది. ఏం చేయాలి?

కంగారుపడవద్దు, చాలాసార్లు ఇది అంకెల తప్పే కానీ ప్రాసెసర్ చావు కాదు. రెండుమూడుసార్లు ఆన్ కాకపోతే చాలా బోర్డులు వాటంతట అవే పాత అంకెలకు తిరిగి వెళతాయి. వెళ్లకపోతే ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుని, బోర్డు మీద ఉన్న సీఆర్2032 నాణెం బ్యాటరీని తీసి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. తేదీ, సమయం తప్పుతాయి, అవి సరిచేసుకోండి. ఆ తర్వాత బయోస్‌లోకి వెళ్లి, చివరిసారి నిలబడిన మల్టిప్లయర్‌కంటే ఒక మెట్టు దిగువనుంచి మొదలుపెట్టండి. ఆ అంకెలు కాగితం మీద రాసి క్యాబినెట్ పక్క పలక లోపలివైపు అంటించి ఉంచుకుంటే, మీ తర్వాత ఆ సిస్టమ్ తెరిచే మెకానిక్‌కు కూడా పనికొస్తాయి.